'ఎట్ లీస్ట్' – కనీసం – కమ్ సే కమ్

ఆంగ్లమున 'ఎట్ లీస్ట్' అను చిన్న పదబంధము ఒకటి గలదు. తెలుగున 'కనీసం' అనియు, ఉర్దూలో 'కమ్ సే కమ్' అనియు మనము నిత్యము వాడుచునే ఉందుము. ఇంత తేలిక మాట తెలియక, తొమ్మిదవ తరగతి చదువు రోజులలో మేము ఒక పెద్దమనిషికి నష్టము కలిగించితిమి.

అప్పటికి నిజామాబాదు జిల్లాలోనిదైన మా బాన్సువాడలో, మా ఇంటి ప్రక్కన ఒక చాచా ఉండెడివారు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువ క్రింద కౌలుసేద్యము చేసి విసిగి, మా ప్రాంతపు అనేకుల వలెనే గల్ఫుకు పోవ నిశ్చయించినారు. ఒకనాడు ఆయనకు ఆంగ్లములో ఉత్తరము వచ్చినది. ఆ గల్లీలో ఇంగ్లీషు చదువుచున్నది మేమే గనుక మాకే చూపించినారు. వైద్యపరీక్ష కాగితములను ప్రయాణమునకు 'ఎట్ లీస్ట్' పదిహేను రోజులు ముందుగా అందజేయవలెనని అందున్నది. 'లీస్ట్' అనగా మిక్కిలి తక్కువ అని నిఘంటువులో చూచి ఉంటిమి. ఇంకేమి! "పదిహేను రోజుల లోపల ఎప్పుడు ఇచ్చినా చాలు చాచా" అని నిబ్బరముగా చెప్పితిమి. ఆయన ప్రయాణము పది రోజులున్నదనగా హైదరాబాదు పోయినారు. గడువు దాటినదని గుమాస్తా కాగితములు త్రిప్పి ఇచ్చినాడట. ఆ ప్రయాణము తప్పిపోయినది. ఇచ్చిన బయానా కూడ తిరిగి రాలేదు.

పొరపాటు ఎక్కడ జరిగినదో తరువాత బోధపడినది. 'లీస్ట్' అనగా తక్కువే. కాని అది క్రింది హద్దు, పై హద్దు కాదు. అంతకన్న దిగరాదు, ఎక్కిన అభ్యంతరము లేదు. ఉత్తీర్ణతకు 'ఎట్ లీస్ట్' 35 మార్కులన్నప్పుడు 36 వచ్చినవానిని ఎవరూ తప్పించరు గదా! పై హద్దుకు ఆంగ్లమున 'ఎట్ మోస్ట్' వేరే ఉన్నది. మన 'మహా అయితే', ఉర్దూ 'జ్యాదా సే జ్యాదా' దానికి సాటి. 'కమ్' అను ఫారసీ మాటను దానితోనే పోల్చి 'కమ్ సే కమ్' అన్నారు, తక్కువలోకెల్ల తక్కువ అని. ఇంటి ముందర రోజూ వినెడి ఆ మాటను ప్రక్కన పెట్టుకొని చదివి ఉన్నచో తడబడి ఉండెడివారము కాము. వరికి ప్రభుత్వము ప్రకటించు కనీస మద్దతు ధరలోని 'కనీస' కూడ క్రింది హద్దే. దానిని పై హద్దుగా చదువు బేరగాండ్రు కొందరున్నారు. వారిది మాత్రము భాష రాని తప్పు కాదు.

ఈ పదబంధమునకు మరొక వాడుక గలదు. అందు లెక్క ఉండదు. ఇల్లు కూలినను 'ఎట్ లీస్ట్' ప్రాణములు దక్కినవందురు. పోయినదానిని వదలి మిగిలినదానిని చూపు ఊరట అది. తెలుగున ఇచ్చట 'కనీసం' కన్న 'అయినా' చక్కగా పలుకును: ప్రాణాలైనా దక్కినవి. దీనిని మాకు పాఠ్యపుస్తకము నేర్పలేదు.

చాచా హైదరాబాదు నుండి వచ్చిన సాయంత్రము మేము వారి ఎదుట పడలేక ఇంటిలోనే ఉండిపోతిమి. ఆయనే వచ్చి మా భుజముపై చేయి వేసి, "కమ్ సే కమ్ నువ్వు చదివి పెట్టినవు బేటా. వేరేవాళ్లు కాగితం పట్టుకోనే లేదు" అన్నారు.

మరుసటి ఏడు ఇంకొక ఉత్తరము వచ్చినప్పుడు మళ్ళీ మాకే చూపించినారు. ఈసారి దానిని మా ఇంగ్లీషు మాస్టరుగారికి చూపించి వచ్చిన తరువాతనే అర్థము చెప్పితిమి.