క్రింది జట్టుకు పంపబడినవారు

మంచుగడ్డపై ఆడు హాకీ ఆటను మన ప్రాంతములో చూచినవారు అరుదు. అయినను షంషాబాదులోని మా సంఘపు యౌవనస్థుడొకడు, విమానాశ్రయములో రాత్రి డ్యూటీ చేయువాడు, 'ఈస్ట్‌సైడ్ హాకీ మేనేజర్' అను కంప్యూటరు ఆటను బహు శ్రద్ధగా ఆడుచుండుట మేము చూచితిమి. ఇందులో కర్ర పట్టి పరుగెత్తే పని లేదు. జట్టుకు పెద్దగా కూర్చుండి, ఎవరిని ఆడించవలెను, ఎవరిని క్రింది జట్టుకు పంపవలెను అని తేల్చుటయే పని. ఆటగాని ఒక్కొక్క నైపుణ్యమునకు ఒకటి మొదలు ఇరవై వరకు మార్కులుండును. ఒక మీట నొక్కితే చాలు, పాతికేండ్లవాడొకడు మూటాముల్లె సర్దుకొని చిన్న ఊరి జట్టుకు పోవును. వాని ముఖము మనకు కనబడదు.

ఆ ఆట వెనుకనున్న అసలు పద్ధతిని మేము ఆ యౌవనస్థుని అడిగి తెలిసికొంటిమి. అమెరికా, కెనడా దేశములలోని నేషనల్ హాకీ లీగులో 32 జట్లున్నవి. సాధారణముగా జట్టుకు 23 మందికి మించి ఉంచుకొనరాదు. మిగిలినవారు క్రింద అమెరికన్ హాకీ లీగులోని అనుబంధ జట్టుకు పోవలెను. అయితే అక్కడ 'వేవర్స్' అను కట్టడి యొకటి యున్నది. కొంత అనుభవము గడించినవానిని క్రిందికి పంపదలచినయెడల, ముందుగా వాని పేరును మిగిలిన జట్లన్నిటి ఎదుట పెట్టవలెను. 24 గంటలలో ఏ జట్టైనను "మాకు కావలెను" అన్నచో అతడు వారివాడగును. ఎవరును అడుగనప్పుడే క్రిందికి. పనికివచ్చు మనిషిని తాము ఆడించక, ఇంకొకరికి ఇవ్వక, మూలన పడవేయకుండుటకే ఈ కట్టడి. క్రొత్త కుర్రవారికి మాత్రము ఇది వర్తించదు, వారిని పంపుటయు పిలుచుటయు జట్టు ఇష్టమే.

ఈ కట్టడి మాకు నచ్చినది. మన ఇండ్లలో, కొలువులలో, చెప్పవలెనంటే సంఘములలో కూడ, ఒకనిని తగ్గించునప్పుడు "వీడు మీకెవరికైన కావలెనా?" అని అడుగు ఆచారము ఎక్కడున్నది?

మనకు తెలిసిన ఆట క్రికెట్టు. మన హైదరాబాదువాడే వి.వి.ఎస్. లక్ష్మణ్ భారత జట్టులో స్థానము కుదురక రంజీ ఆటలకు తిరిగి వచ్చి, 1999-2000 సంవత్సరపు పోటీలలో 8 సెంచరీలతో 1415 పరుగులు చేసెను. 2001 మార్చిలో కలకత్తాలో ఆస్ట్రేలియామీద ఆయన చేసిన 281 పరుగులు అందరికిని జ్ఞాపకమే. ఆ 1415 మాత్రము ఎవరికి జ్ఞాపకము? రంజీ ఆటకు చూడవచ్చువారు కొద్దిమందే గదా.

ఆటో నడిపిన తండ్రి కుమారుడు మహమ్మద్ సిరాజ్ సంగతి మా ఊరివారికి ఇంకను దగ్గర. 2019 జనవరిలో అడిలైడులో తన మొదటి వన్డేలో 10 ఓవర్లకు 76 పరుగులిచ్చి ఒక్క వికెట్టును తీయలేకపోయెను. మరల వన్డే ఆడుటకు 2022 వరకు ఆగవలసివచ్చెను. ఈ మధ్యలో 2020 నవంబరులో, అతడు ఆస్ట్రేలియాలో నుండగా, తండ్రి చనిపోయెను. అతడు అక్కడనే నిలిచి, టెస్టులలో 13 వికెట్లు తీసి, 2021 జనవరి 21న మన షంషాబాదు విమానాశ్రయములో దిగి, ఇంటికి పోకముందే తండ్రి సమాధియొద్దకు వెళ్లెను. ఆ త్రోవనే మనము దినమును కూరగాయలు తీసికొని పట్టణమునకు పోవుదుము. 2025 ఆరంభములో చాంపియన్స్ ట్రోఫీకి అతనిని తీసికొనలేదు. అతడు హైదరాబాదు తరఫున రంజీ ఆడెను. ఆ వేసవిలోనే ఇంగ్లాండులో అయిదు టెస్టులలో 23 వికెట్లు తీసెను. ఓవల్‌లో భారతము 6 పరుగులతో గెలిచిన ఆటలో చివరి వికెట్టు అతనిదే.

ఇవన్నియు మేము ఎందుకు పోగుచేసితిమనగా, మా సంఘములో ఒక ఇంటికి ఇవి అవసరమాయెను. తండ్రి విమానాశ్రయమునొద్ద క్యాబు నడుపును. కుమారుడు వేగముగా బంతి వేయును. పెద్ద క్లబ్బువారు రెండేండ్లు ఉంచుకొని, చాలమారులు నీళ్లు మోయించి, చివరకు క్రింది డివిజనులో ఎక్కడైన చూచుకొనుమనిరి. కుర్రవాడు అన్నము మానెను. తండ్రి, "ఇగ చాలు, కార్గోలో పనికి పెడ్త" అనెను. ఇంటికి అప్పున్నది గనుక ఆ మాటను మేము తప్పుపట్టలేము.

ఆ తల్లి మార్కు సంగతి ఎత్తెను. పంఫూలియలో తమ్మును విడిచిపోయిన మార్కును పౌలు మరల వెంటబెట్టుకొనిపోనొల్లలేదు. బర్నబా అతనిని కుప్రకు తీసికొనిపోయెను. తరువాత పౌలే అతనిని తోడుకొని రమ్మని తిమోతికి వ్రాసెను. తండ్రి వెంటనే, "మార్కుకు బర్నబా ఉండె అయ్యగారూ, మావానికి ఎవరున్నరు?" అనెను.

మేము కొంతసేపు ఊరకుంటిమి. అప్పుడు కుర్రవాడే తలవంచుకొని, చిన్న క్లబ్బు కోచి రెండుమారులు ఫోను చేసెనని చెప్పెను. సిగ్గుచేత ఇంటిలో చెప్పలేదట. పెద్ద క్లబ్బు వద్దన్న వార్త ఇల్లంతయు విన్నది, ఒకరు కావలెనన్న మాట ఫోనులోనే ఉండిపోయినది! మేము హాకీ కట్టడి సంగతి చెప్పితిమి. తండ్రి పూర్తిగా ఒప్పుకొనలేదు. ఒక్క సంవత్సరము చూతమనెను. అంతవరకు కుర్రవాడు ఆట లేని దినములలో పనికి పోవలెనని షరతు పెట్టెను. అది న్యాయమే.

ఇప్పటికి ఆరు ఆటలాయెను. ఆట ఉన్న దినమున తెల్లవారకముందే బస్సెక్కి పోవును, చీకటిపడిన తరువాత వచ్చును. ఎన్ని వికెట్లు వచ్చినవని తండ్రి అడుగును. తల్లి మాత్రము ఎన్ని ఓవర్లు వేసితివని అడుగును.