పుట్టుమచ్చ

చిలకలపూడి పాండురంగస్వామి ఆలయం ఎదుట తీసిన చెల్లెలి పెళ్ళి ఫోటోలో నాన్నగారు లేరు. అంతకు రెండేళ్ళ ముందే పోయారు. "ఒక్కదానిలోనైనా మీ నాన్నగారిని దాని పక్కన నిలబెట్టరా" అని అమ్మ అడిగింది. గింప్‌లో అంచులు కత్తిరించి, పొరల మీద పొరలు పరచి, రంగులు సరిచూసి నిలబెట్టాను. అయినా అతికించినట్లే ఉంది.

లోపమెక్కడో పెడనలో కలంకారీ అద్దకం చూస్తుండగా తట్టింది. కరక్కాయ పట్టించిన గుడ్డపై ముందు ఇనుపతుప్పు, బెల్లం ఊరవేసిన నీటితో నల్లని గీతలు అద్దుతారు. తరువాత మరో అచ్చుతో పటిక. ఉడికించినపుడు పటిక అంటినచోటనే ఎరుపు తేలుతుంది. తరువాతి అచ్చులన్నీ ఆ తొలిగీతలకు కట్టుబడవలసిందే. నా బొమ్మలో తొలిగీత ఎండ. పెళ్ళిలో అది ఎడమనుంచి పడుతోంది, నాన్నగారి ముఖంపై కుడినుంచి. కాళ్ళకింద నీడే లేదు.

నాన్నగారి బొమ్మను అద్దంలో వలె తిప్పి, నీడ పరిచాను. అంతా కుదిరింది. అమ్మ చాలాసేపు చూసింది. "ఈయన మీ నాన్నగారు కాదురా" అంది. ఎడమబుగ్గ మీది పుట్టుమచ్చ కుడిబుగ్గకు పోయింది.

ఆ పొర తీసివేశాను. రెండు ఫోటోలనూ విడివిడిగానే ఒకే చట్రంలో కట్టించాను. నాన్నగారిది ఎడమవైపు ఉంచాను, ఆయన చూపు చెల్లెలి మీద పడేటట్లు.