అసెంబ్లీ నెత్తిన రైతు

2016 వేసవిలో అమ్మానాన్నల్ని చికాగో నుంచి డెన్వర్‌కి కార్లో తీసుకెళ్లాను. దాదాపు వెయ్యి మైళ్లు. ఐ-80 మీద అయోవా దాటేసరికే నాన్నకి విసుగొచ్చేసింది. "మొక్కజొన్న తప్ప ఇంకేం వెయ్యరట్రా వీళ్లు?" అన్నాడు. (సోయా కూడా ఉంది నాన్నా అన్నాను. అది ఆయన లెక్కలోకి రాలేదు.)

లింకన్ దగ్గర పడుతుంటే చదును నేలమీద ఓ టవర్ కనపడింది. నెబ్రాస్కా కాపిటల్. ఈ దేశంలో స్టేట్ కాపిటల్స్ చాలావరకు వాషింగ్టన్ గుమ్మటానికి జిరాక్సులే. వీళ్లు మాత్రం 437 అడుగుల చదరం కట్టి, మధ్యలో 400 అడుగుల టవర్ లేపారు. దానికి ఓ అల్లరి పేరు కూడా ఉంది గానీ, పక్కన నాన్న ఉన్నాడు కాబట్టి చెప్పలేదు.

కట్టిన విధానం మాత్రం మనలాంటి వాళ్లు వినాల్సిందే. 1922లో మొదలుపెట్టినప్పుడు పాత భవనాన్ని కూల్చలేదు. దాని చుట్టూ కొత్తది కట్టి, ఆఫీసుల్ని అందులోకి మార్చి, అప్పుడు మధ్యలోది పడగొట్టి టవర్ లేపారు. అంటే ప్రొడక్షన్ ఆపకుండా మైగ్రేషన్! పదేళ్లు పట్టింది. కోటి డాలర్ల లోపే అయింది, 1932లో పని పూర్తయ్యేసరికి బాకీ అన్నదే లేదు. ఆర్కిటెక్ట్ గుడ్‌హ్యూ 1924లోనే పోయినా ఆయన డిజైన్ నిలబడింది. మా టీములో ఒకడు రెండు వారాలు సెలవు పెడితే బిల్డ్ ఆగిపోతుంది.

లోపల రెండు సభలకీ రెండు హాళ్లు. కట్టిన రెండేళ్లకే, 1934లో, సెనేటర్ నోరిస్ ప్రచారంతో జనం ఓటేసి ఒకే సభ చాలన్నారు. 1937 నుంచి 50 రాష్ట్రాల్లోనూ ఇదొక్కటే అలా నడుస్తోంది. తూర్పు హాలు అలా మిగిలిపోయింది.

"1985లో రామారావు కౌన్సిల్ తీసేసినట్టా?" అన్నాడు నాన్న.

"అవును, కాకపోతే మనది 2007లో మళ్లీ వచ్చింది."

"వస్తుంది. ఓడిపోయినోళ్లకి సీట్లు కావాలిగా."

బయటికొచ్చాక పైకి చూపించాను. బంగారు రంగు గుమ్మటం మీద దాదాపు 19 అడుగుల కంచు మనిషి. మంత్రీ కాదు, సైన్యాధిపతీ కాదు, విత్తనాలు చల్లుతున్న రైతు. నాన్న నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత ఆ పచ్చికలోనే నిలబడి, ఒడిలోంచి తీసి చల్లినట్టు రెండుసార్లు చెయ్యి విసిరాడు. "ఇట్టా పడాలి, పల్చగా" అన్నాడు అమ్మతో. అమ్మ నవ్వింది. నాకు మాత్రం ఎటు చూడాలో తెలీలేదు. నన్ను ఎమ్మెస్‌కి పంపడానికి మూడెకరాల్లో సగం అమ్మాడాయన. మిగిలిన సగం కౌలుకిచ్చి వచ్చాడు.

మళ్లీ హైవే ఎక్కాక అడిగాడు, "ఇక్కడ ఎకరం ఎంతుంటుందిరా?"

ఫోన్లో వెతికి చెప్పింది అమ్మ కాదు, నా భార్య. డాలర్లని రూపాయల్లోకి మార్చుకుంటూ కాసేపు వేళ్లు మడిచాడు. తర్వాత కిటికీ వైపు తిరిగి, కార్నీ వచ్చేదాకా మాట్లాడలేదు.