ఇనుప శిలువకు రెండోవైపు

ఉప్పలగుప్తంలో మా యింట జర్మన్ సైనిక పతకాల పెట్టె వొకటుంది. 1813లో ప్రష్యా రాజు ఇనుప శిలువను నెలకొల్పినప్పుడు సిపాయికీ సేనానికీ వొకటే పతకమన్నాడు. ఆ సమత్వానికి మురిసే యీ సేకరణలో పడ్డాను. 1939లో హిట్లరు దాని నడుమ స్వస్తిక పెట్టించాడు. రెండో తరగతి శిలువకు వెనుకవైపు 1813 అంకె మాత్రం వుంచాడు. అలాంటిదొకటి నా దగ్గరుంది. 1957లో పశ్చిమ జర్మనీ స్వస్తిక తీసిన పతకాలనే ధరించనిచ్చింది. సేకరించే మేమో, స్వస్తిక వున్నదానికే యెగబడతాం! అయినా యింటికొచ్చినవాళ్లకు నేను 1813 వైపే చూపేవాణ్ణి.

తాడేపల్లిగూడెం దగ్గరి మిలటరీ మాధవరం మాజీ సైనికుడొకాయన యీ పిచ్చివల్లనే నాకు మిత్రుడయ్యారు. ఆయన తాతగారు రెండో ప్రపంచయుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. మొన్న ఆ శిలువను చేతిలోకి తీసుకుని, "యెవరిని చంపినందుకిచ్చారో రాసుందాండీ, మేష్టారూ?" అన్నారు. లేదన్నాను. స్వస్తిక పైకి వచ్చేలా తిప్పి పెట్టి, "పిల్లలకు యిటువైపే చూపించండి" అన్నారు. అప్పటినుంచీ అది అలాగే వుంది.