పెనం దగ్గర తెలిసే లెక్క

ఖర్చులు తగ్గించుకోవడానికి మనవాళ్ల వ్యాపారాల్లో ఏం చేస్తున్నారో చూసి రాయమని సంపాదకుడు అడిగితే, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మెకార్థర్ బులవార్డ్ మీదున్న ఒక టిఫిన్ హోటల్‌కి వెళ్లాను. యజమాని అద్దె, నూనె ధర, జీతాల లెక్కలన్నీ ఓపిగ్గా చెప్పారు. శని, ఆదివారాల సాయంత్రం వంటింట్లో ఒక మనిషిని తగ్గించాలని ఆయన ఆలోచన. ఆ తర్వాత నేను ఎక్కువసేపు ఉన్నది దోశ మాస్టర్ దగ్గరే.

ఆయనది తెనాలి వైపు. పెనం మీద నీళ్లు చిలకరించి, ఆ చిటపటను బట్టే వేడి ఎంతుందో చెప్పేస్తారు. నడుమ పోసిన పిండిని అంచుదాకా తిప్పుకుంటూ వెళ్తుంటే మణికట్టు ఎక్కడా ఆగదు. నాలుగో దోశ పరిచేసరికి మొదటిదాని అంచు లేస్తుంది. అట్లకాడ అప్పటికే అక్కడ ఉంటుంది. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు.

ఉల్లిపాయలు తరుగుతున్న కుర్రాడితో ఆయన అంటున్న మాట నా చెవిన పడింది. "మనిషిని తీసేస్తే ఖర్చు తగ్గుద్దంటరా. పిండి కోసం, పచ్చడి కోసం పొద్దస్తమానం ఆ కూలర్ దాకా తిరుగుతున్నా. ఆ నడక ఎవరికన్నా కనపడిందా?"

కూలర్ వంటింటికి ఆ చివర ఉంది. పాడైపోయే పదార్థాలను 41 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి మించకుండా చల్లగా ఉంచాలని టెక్సస్ నిబంధన. అందుకే కావలసినప్పుడల్లా అక్కడికి వెళ్లాలి. మాస్టర్ పెనం పక్కనే చిన్న ఫ్రిజ్ ఒకటి పెట్టమంటున్నారు. పల్లీ పచ్చడి పొద్దున్నే డ్రమ్ముడు రుబ్బి రాత్రి పారబోసే బదులు పూటపూటకీ రుబ్బుకుందామంటున్నారు. ఈ రెండు మాటలూ యజమాని లెక్కల్లో ఎక్కడా లేవు. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ పోలేదు.

మాస్టర్ చెప్పేది కొత్తేమీ కాదు. టొయోటాలో ఉత్పత్తి పద్ధతిని తీర్చిదిద్దిన తైచి ఓనో ఏడు రకాల వృథాలను గుర్తించాడు. వాటన్నిటిలో అవసరానికి మించి తయారుచేయడమే పెద్దదన్నాడు. అనవసరమైన కదలికలూ ఆ ఏడింటిలో ఒకటి. నేలమీద సుద్దతో వృత్తం గీసి, అందులో నిలబడి పనిని చూడమని తన ఇంజినీర్లకు చెప్పేవాడంటారు. ఆ టొయోటా ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయం 2017 నుంచి ఇక్కడికి దగ్గర్లోని ప్లేనోలోనే ఉంది.

అంతదూరం కూడా పోనక్కర్లేదు. ఇర్వింగ్ నగరపాలక సంస్థ పనిలో వృథాను, తప్పులను తగ్గించే లీన్ సిక్స్ సిగ్మా పద్ధతిని తన ఉద్యోగులకు నేర్పించి, 2012లో మాల్కం బాల్డ్రిజ్ జాతీయ నాణ్యతా పురస్కారం అందుకుంది. 2007లో ఫ్లోరిడాలోని కోరల్ స్ప్రింగ్స్ తర్వాత ఆ పురస్కారం పొందిన రెండో నగరం ఇదే. ఈ ఊళ్లో ఎందరో తెలుగువాళ్లు ఆఫీసుల్లో ఈ పద్ధతులతోనే పనిచేస్తున్నారు. ఏ పని ఎక్కడ ఆగుతోందో గీసి చూపించడమే వాళ్లలో కొందరి ఉద్యోగం. అదే చూపు మన వంటింటి దాకా ఎందుకు రాదు? జీతం తగ్గిస్తే కాగితం మీద వెంటనే కనబడుతుంది. పారబోసిన పచ్చడి ఏ పద్దులోనూ కనబడదు. ఇలాంటి మాస్టర్ విసిగి మరో ఊరికి వెళ్లిపోతే, వేసవిలో పిండి ఎంతసేపు పులియాలో, చలికాలంలో దాన్ని ఎక్కడ పెట్టాలో తెలిసిన మనిషి పోయినట్టే. ఆ నష్టాన్ని రాసుకునే పద్దు అసలే లేదు.

వచ్చేముందు యజమానితో చెప్పాను: మనిషిని తీసేయకముందు ఒక శనివారం సాయంత్రం రద్దీ తగ్గేదాకా పెనం పక్కన నిలబడండి, కూలర్ దాకా ఎన్నిసార్లు వెళ్తున్నారో రాసుకోండి, రాత్రి పారబోసే పచ్చడిని తూకం వేయించండి, తర్వాత మాస్టర్‌ని కూర్చోబెట్టుకుని మాట్లాడండి. ఆయన కాదనలేదు. ఫ్రిజ్ ధర ఎంతుంటుందని మాస్టర్‌నే అడిగారు.