మింగని నోరు



పెరట్లో నీలం ట్యాంకు చూసి, “అయ్యగారు చేపల వ్యాపారం మొదలుపెట్టారా?” అని కొందరు నవ్వుతూ అడిగారు. వ్యాపారం కాదండి. వెయ్యి లీటర్ల ట్యాంకులో తిలాపియా చేపలు, పక్కన కంకర నింపిన తొట్టెల్లో పాలకూర, తోటకూర, పుదీనా. చేపల నుంచి వచ్చే అమ్మోనియా చేపలకే విషం. మోటారు ఆ నీళ్లను కంకరలోకి తోడుతుంది. కంకరను అంటిపెట్టుకుని ఉండే సూక్ష్మజీవులు అమ్మోనియాను ముందు నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటు మొక్కలకు ఎరువు. మొక్కలు దాన్ని తీసుకున్నాక నీళ్లు మళ్లీ ట్యాంకులో పడతాయి. దీన్నే ఆక్వాపోనిక్స్ అంటారు. నాలుగు కూరల కోసం మొదలుపెట్టిన ఈ పని దగ్గరే దేవుడు మమ్మల్ని గద్దించాడు. ఆ సంగతి దాచుకోకుండా మీకు చెప్పాలనిపించింది.

వేసవి మొదట్లో ఒక ఆడ చేప మేతకు రావడం మానేసింది. ఓ మూలన నిలబడి, గొంతు ఉబ్బించుకుని, ఏదో నములుతున్నట్టు నోరు కదిలిస్తోంది. జబ్బు చేసిందనుకున్నాం. అమ్మగారు “రెండు రోజులు చూద్దామండీ” అంటున్నా వినకుండా వలతో పైకి తీశాం. అది బెదిరి నోరు తెరిచింది. పసుపుపచ్చని గుడ్లు పొలోమని నీళ్లలో రాలాయి. మిగతా చేపలు వచ్చి నిమిషంలో ఊడ్చేశాయి. అది జబ్బు చేప కాదు, బాలింత. తిలాపియా తల్లి గుడ్లను నోట్లోనే పొదుగుతుంది. ఆ నోరు కదలడం నమలడం కాదు, గుడ్లకు గాలి తగిలేలా తిప్పుకోవడం. మంచి చేస్తున్నామనుకుని మేమే చంపాం.

మళ్లీ నెలన్నరకు ఆ తల్లే మేత మానేసింది. ఈసారి చెయ్యి పెట్టలేదు. గుడ్లు నాలుగైదు రోజుల్లో పిల్లలవుతాయి. పొట్ట కింది పచ్చసొన కరిగి, ఈదగలిగేదాకా పిల్లలు తల్లి నోట్లోనే ఉంటాయి. సుమారు రెండు వారాలు ఆ తల్లికి తిండి ఉండదు. మేము వేసిన గింజలు దాని మూతి పక్క నుంచే పోయేవి, నోరు తెరిచేది కాదు. పన్నెండో రోజు పొద్దున్న దాని చుట్టూ చిన్న మబ్బులా పిల్లలు కనబడ్డాయి. మా చెయ్యి నీడ నీళ్లమీద పడిందో లేదో, అన్నీ తల్లి నోట్లోకి దూరాయి. అదే నోటితో అది ఇతర చేపల పిల్లలనైతే మింగేస్తుంది. కానీ తన పిల్లలకు ఆ నోరే ఇల్లు.

మత్తయి సువార్త 17వ అధ్యాయంలో పేతురు పట్టిన చేప నోట్లో నాణెం దొరికింది గదా. ఆ చేప ఏ జాతిదో వాక్యంలో లేదు. గలిలయ సముద్రంలోని తిలాపియాను మాత్రం నేటికీ ‘పేతురు చేప’ అంటారు. అదీ నోట్లో పిల్లల్ని దాచే జాతే.

ట్యాంకు ముందు నిలబడి ఆ నోటిని చూస్తుంటే మా నోరు గుర్తొచ్చింది. మీకూ గుర్తుండే ఉంటుంది. ఆదివారం వాక్యం మధ్యలో మైకు కీచుమంటే, మైకు చూసే తమ్ముణ్ణి అదే మైకులో, వాళ్ల అమ్మ ముందు, సంఘమంతటి ముందు ఎన్ని మాటలన్నామో. యాకోబు పత్రిక 3వ అధ్యాయం మీద, నాలుక గురించి, ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. ఆ తమ్ముడు మరుసటి ఆదివారం రాలేదు. ఆ తర్వాతా రాలేదు. “కుర్రాళ్లకు ఓర్పు లేదు” అని మాకు మేము సర్దిచెప్పుకున్నాం. ఆ రోజు రాలిన గుడ్లను చూసి కూడా “చేపకు ఓర్పు లేదు” అనుకున్నామా? లేదు. తప్పు వల పట్టిన చేతిది.

పిల్లల్ని గిన్నెతో ముంచి వేరే తొట్టిలోకి మార్చాం. మోటారు పీల్చేయకుండా గొట్టం మూతికి స్పాంజి కట్టాం. పొడి మేత రోజుకు ఐదారుసార్లు చిటికెడు చిటికెడు వేశాం. ప్రేమ కొద్దీ ఎక్కువ వేస్తే మిగిలింది కుళ్లి అమ్మోనియా అవుతుంది. గట్టిగా పెరిగినవి సన్నవాటిని తినేస్తాయి కనుక మూడు వారాలకే సైజు చూసి వేరుచేశాం. అన్నీ ఒక తల్లి పిల్లలే, అయినా అంతే. ఇది ఆఫ్రికా నుంచి వచ్చిన చేప, మన దేశానికి మొదట 1952లో తెచ్చారు. వాగుల్లో పడితే మన చేపలకు చేటు గనుక ఒక్కటీ కాలవలోకి పోకుండా చూసుకుంటున్నాం.

ఓ రాత్రి కరెంటు పోయింది. నీళ్లలో గాలి ఆడకపోతే పిల్లలు తెల్లారేసరికి తేలిపోతాయి. మందిరంలోని మైకు బ్యాటరీ తెచ్చి చిన్న గాలి మోటారుకు తగిలించాం. బుధవారం కూడికలో మైకు లేనిది అందుకే. ఆ రాత్రి బ్యాటరీ పక్కన కూర్చుని, ఇన్నాళ్లు ఇది మోసింది మా కేకలనే గదా అనుకున్నాం.

మర్నాడు సాయంత్రం ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. “నాయనా, ఆ రోజు తప్పు మాది. నలుగురిలో అన్నాం. నలుగురిలోనే ఒప్పుకుంటాం” అన్నాం. ఆ తమ్ముడు తల వంచుకుని, “పర్లేదయ్యగారూ” అన్నాడు. అంతే. వాళ్లమ్మగారు టీ పెట్టి ఇచ్చారు.

ఆదివారం రాలేదు. కానీ సోమవారం పెరట్లోకి వచ్చి, బ్యాటరీ వైర్లు చూసి, “ఇలా తగిలిస్తే కాలిపోద్ది అయ్యగారూ” అని సరిచేసి వెళ్లాడు. పిల్లల తొట్టి దగ్గర కాసేపు నిలబడ్డాడు. మేము ఏమీ మాట్లాడలేదు. ఆ తల్లి దగ్గర నేర్చుకున్నది అదే.

ఆ తమ్ముణ్ణి అడిగే ఇది రాస్తున్నాం. మీ ఇంట్లో, మీ వీధిలో, మన సండే స్కూల్లో మీ నోటి మాటకు బెదిరి దూరమైన పిల్లలెవరైనా ఉంటే, ఈ వారమే వెళ్లి కలవండి. వెంటనే తిరిగి రాకపోయినా విసుగు చెందకండి.

ప్రభువా, మా నోటిని కాపాడుము. చిన్నవారు భయపడినప్పుడు పారిపోయేది మా నుండి కాక, మా యొద్దకే అగునట్లు మమ్మును మార్చుము. ఆమేన్.