దొరకలేదా? అసలు వెతకలేదా?

విండోస్‌లో పాత ఫైళ్ళు ఏరిపారెయ్యడానికి ఫర్‌ఫైల్స్ అని ఓ కమాండుంది. సర్వర్ 2003, విస్టాల నుంచీ విండోస్‌తోపాటే వస్తోంది. ఫోల్డరు చూపించి, ఎన్ని రోజులు దాటినవి కావాలో, వాటినేం చెయ్యాలో చెప్తే చాలు. దీంతో నా పేచీ ఒక్కటే. పాత ఫైలు ఒక్కటీ లేకపోతే "ఎర్రర్" అని ఎర్రర్‌లెవెల్ 1 ఇస్తుంది. అసలు ఆ ఫోల్డరే లేకపోయినా అదే 1!

ఐతే ఏంటట అంటారా? మా ముత్తుకూరు వైపు, కృష్ణపట్నం రేవుకెళ్ళే లారీలు తూచే కాటా ఒకటుంది. తూచిన ప్రతి లారీకీ ఫొటో తీసి దాస్తారు. 30 రోజులు దాటిన ఫొటోల్ని రోజూ రాత్రి ఓ బ్యాచ్ ఫైలు తుడిచేస్తుంది. సంక్రాంతికి కాటా మూశారు, ఫొటోల్లేవు. సరిగ్గా నెల తర్వాత తుడవడానికేమీ లేక స్క్రిప్టు "ఫెయిల్" అంది. తుఫానుకి మూసినా అదే తంతు. ఓనరు పోరు పడలేక, స్క్రిప్టు రాసిచ్చినవాళ్ళు చివర్లో ఓ లైను చేర్చారు: ఏం జరిగినా 0 ఇచ్చెయ్. అందరూ హాయిగా నిద్రపోయారు.

కొన్నాళ్ళకి హార్డ్ డిస్కు మార్చారు. డి డ్రైవు కాస్తా ఎఫ్ అయ్యింది. స్క్రిప్టు మాత్రం రోజూ డి లోనే వెతికి "అంతా క్షేమం" అంటూ వచ్చింది. ఓ రోజు డిస్కు నిండి, ఫొటో సేవ్ కాక తూకం ఆగింది. లారీలు రోడ్డు మీద బారులు తీరాయి. డ్రైవర్ల తిట్లన్నీ కాటా కుర్రాడికి. పాపం, వాడేం చేశాడు?

"ఏంది అబ్బయ్యా ఇది?" అని ఓనరు నన్ను పిలిస్తే అప్పుడు చూశాను ఆ చివరి లైను.

వల వేసినా చేప పడకపోవడం వేరు, పడవ ఒడ్డు దాటకపోవడం వేరు. యునిక్స్‌లో గ్రెప్‌కి ఈ తేడా తెలుసు: దొరికితే 0, దొరక్కపోతే 1, వెతకడమే కుదరకపోతే 2. విండోస్‌లోనే రోబోకాపీ కూడా 8 నుంచి పైన వస్తేనే తప్పు జరిగిందంటుంది. ఫర్‌ఫైల్స్‌కి ఆ తెలివి లేదు కనక మనమే పెట్టాలి.

నేను చేసింది ఇదీ. ముందు ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్‌తో ఫోల్డరుందో లేదో చూడటం, లేకపోతే 2 ఇచ్చి ఆగిపోవడం. తర్వాత ఫర్‌ఫైల్స్ అన్న ప్రతి మాటా లాగ్‌లోకి పంపడం. 1 వస్తే, లాగ్‌లో ఉన్నది "ఫైళ్ళు దొరకలేదు" అన్న సందేశమైతేనే క్షమించడం. ఇంకోటి, "ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 1" అంటే 1 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అని అర్థం. అందుకే పెద్ద అంకెని ముందు చూడాలి.

చివరగా, తుడిచాక ఫర్‌ఫైల్స్‌ని ఊరికే మళ్ళీ ఓసారి నడపడం. ఈసారి "దొరకలేదు" అనే అనాలి. మొదట విసిగించిన ఆ ఎర్రరే ఇప్పుడు పని పూర్తయిందనడానికి సాక్ష్యం!

ఎర్రర్ నోరు మూయించడం ఒక్క లైను పని. అదేం చెప్తోందో వినడానికి పది లైన్లు కావాలి. మీ దగ్గర రాత్రిపూట నడిచే స్క్రిప్టుల చివరి లైను ఓసారి చూడండి. "ఎగ్జిట్ స్లాష్ బి 0" కనిపిస్తే, ఎవరి ఫోన్ల బాధ పడలేక అది రాశారో కనుక్కోండి.